ఊపిరాడని ఇంజనుతో సిద్దిపేటకు

సిద్దిపేట వైపు జనం రకరకాల పనుల మీద వెళ్తుంటారు. పెళ్లిళ్లకు వెళ్తారు, కొమురవెల్లిలో మొక్కు తీర్చుకోవడానికి వెళ్తారు, కోమటి చెరువు దగ్గర ఫొటోలు దిగడానికి వెళ్తారు. మేము తణుకు నుంచి అంత దూరం వెళ్లింది మా కారు ఎంత వేగంగా పరుగెత్తుతుందో, ఎంత వేగంగా ఆగుతుందో చూసుకోవడానికి. ఆగడంలో దాని ప్రతిభ ఇంటి దగ్గరే చాలాసార్లు చూశాను కాబట్టి, ప్రయాణంలో సగం సంగతి నాకు ముందే తెలుసు.

మావారి పేరు ప్రసాద్. రెండేళ్ల కిందట ఆయన గుండెలో స్టెంటు వేశారు. ఆ తర్వాత ఉద్యోగం మానేసి సోఫాలో కూర్చున్నారు. టీవీ పెట్టేవారు కాదు, పేపరు తిప్పేవారు కాదు, నాతోనూ మాట్లాడేవారు కాదు. ఏదైనా వ్యాపకం పెట్టుకోమని డాక్టరుగారు చెప్పారు. ఆయన ఉద్దేశం గులాబీ మొక్కలు అయ్యుంటుంది. మావారు ఒక పాత టర్బో కారు కొన్నారు.

ఆ రోజు నుంచి ఆయనకు మళ్లీ మాట వచ్చింది. ఎంతగా వచ్చిందంటే, కూరలో ఉప్పు చాలిందా అని అడిగితే టర్బో ప్రెషరు గురించి జవాబు చెప్పేవారు. నేను ఆ కారును రోజూ తిడతాను గానీ, అమ్మేయమని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఎందుకన్నది ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

వాట్సాప్‌లో ఇలాంటి కార్ల పిచ్చివాళ్లకు ఒక గ్రూపు ఉంది. అందులో సిద్దిపేట యాదగిరి అనే ఆయన మావారికి ప్రాణమిత్రుడు. ఆయనదీ అచ్చం ఇలాంటి కారే. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. పొద్దస్తమానం వాయిస్ మెసేజీలలోనే పోట్లాడుకునేవారు. జగదేవ్‌పూర్ దగ్గర ఒక రియల్ ఎస్టేటు వెంచరులో కార్ల పరుగు పందెం పెడుతున్నారని ఆ యాదగిరే కబురు పెట్టాడు. ప్లాట్లు అమ్ముడుపోలేదట గానీ రోడ్లు మాత్రం వెడల్పుగా, ఖాళీగా ఉన్నాయట. కొనేవాళ్లు రాకపోతే కనీసం కార్లయినా తిరగాలి కదా.

ఒక్కో బండికి ఇద్దరు డ్రైవర్ల పేర్లు ఇవ్వాలన్నారు. రెండో పేరు నాది ఇచ్చేశారు. నేను రోజూ అత్తిలిలో మా స్కూలుకు చిన్న కారు నడుపుకుంటూ వెళ్తాను. ఆ అర్హత చాలనుకున్నారు.

ఎర్ర డబ్బా మహిమ

బయల్దేరే ముందు మావారు బానెట్ ఎత్తి ఒక ఎర్రటి అల్యూమినియం డబ్బా చూపించారు. ఆన్‌లైన్‌లో తెప్పించి స్వయంగా బిగించారు. పూజగదిలో పెట్టుకునేంత అందంగా ఉంది.

అదెందుకో సూర్యాపేట దాకా వివరించారు. నాకు అర్థమైనంత చెప్తాను. ఇంజనులో పెట్రోలు మండితే పుట్టే గ్యాసు పిస్టన్‌ను నెట్టాలి. కానీ అందులో కొంత బుద్ధి లేనిది ఉంటుంది. అది పిస్టన్ పక్క సందుల్లోంచి జారి, కింద నూనె ఉండే గదిలోకి పోతుంది. దాన్ని బ్లో-బై అంటారు. ఆ గదిలోంచి గ్యాసు బయటపడటానికి రెండు దారులు పెడతారు. మామూలుగా నడిపేటప్పుడు ఒక చిన్న వాల్వు గుండా ఇంజనే దాన్ని పీల్చి కాల్చేస్తుంది. వేగం పెంచడానికి టర్బో ఇంజనులోకి గాలి ఊదడం మొదలుపెట్టగానే ఆ వాల్వు మూసుకుంటుంది. అప్పుడిక పక్కనున్న గొట్టం ఒక్కటే దిక్కు. గ్యాసు వెళ్తూ వెళ్తూ నూనె తుంపరను కూడా మోసుకుపోతుంది. ఆ తుంపరను మధ్యలో పట్టుకోవడానికే ఈ డబ్బా.

"మరి రెండు దారులూ మూసుకుపోతే?" అన్నాను.

"అలా ఎందుకవుతుంది విజయా?" అని నవ్వారు. నా ప్రశ్నలకు ఆయన నవ్వినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుంది.

ధూళిమిట్ట దగ్గర

జనగామ దాటాక ఫోనులోని మ్యాపు మమ్మల్ని దగ్గరి దారి అంటూ మెయిన్ రోడ్డు వదిలించింది. ధూళిమిట్ట పొలిమేరలో ఒక ట్రాక్టరును దాటడానికి మావారు గట్టిగా తొక్కారు. బానెట్ కింద టప్పుమని చప్పుడైంది. ఆ వెంటనే అద్దం ముందు తెల్లటి పొగ లేచింది, కాలిన నూనె వాసన కారంతా నిండింది. ట్రాక్టరు మమ్మల్ని తీరిగ్గా దాటుకుని వెళ్లిపోయింది.

బానెట్ ఎత్తి చూస్తే, నూనె మట్టం చూసే పుల్ల దాని గొట్టంలోంచి ఎగిరి పక్కకు పడి ఉంది. ఆ గొట్టంలోంచి చిమ్మిన నూనె ఇంజను మీదంతా పడి కాలుతోంది. ఎర్ర డబ్బా మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది.

కాసేపటికి మోపెడ్ మీద కల్లు క్యాన్లు కట్టుకుని వెళ్తున్న ఒకాయన ఆగాడు. పేరు మల్లేశం. తాటిచెట్లు గీసి వస్తున్నాడు. తొంగి చూసి తల ఊపాడు.

"సారూ, నూనె అంత ఒడిసింది."

మావారి ముఖం వెలిగిపోయింది. "విన్నావా? డబ్బా నూనెంతా ఒడిసి పట్టిందంటున్నాడు!" అని నాతో అని, ఆనందంగా డబ్బా మూత తిప్పారు. లోపల చుక్క నూనె లేదు.

మల్లేశం ఆయనను జాలిగా చూశాడు. "పట్టింది గాదు సారూ, ఒడిసింది అంటున్న. కతం అయింది."

మా వైపు ఒడిసిందంటే చేతికి చిక్కినట్టు, ఇక్కడ అయిపోయినట్టు. ఒకే మాటకు ఇంత తేడా ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది. మావారు తేరుకుని, ఇంజను లోపల గ్యాసు ఎలా పుడుతుందో ఆయనకు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మా బండికి గివేం లేవు సారూ. పదేండ్లాయె, నడుస్తనే ఉంది. ఎండల నిలవడకున్రి, మా ఇల్లు గీడనే" అన్నాడు.

వాళ్ల అమ్మ లక్ష్మవ్వ మమ్మల్ని చూసి ఎవరు, ఎక్కడివారు అని కూడా అడగలేదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, పళ్లెంలో సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చింది. మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసిందట. ఈ ఇంట్లో నూనెకు దారి ఎక్కడ ఉంచాలో అంతా పద్ధతి ప్రకారం ఉంది.

"మా వైపు దీన్నే తపేలా చెక్క అంటాం పిన్నిగారూ" అన్నాను చుట్టరికం కలుపుతూ.

"గదేమో గానీ, గిది సర్వపిండి" అంది లక్ష్మవ్వ, ఇంకో ముక్క వేస్తూ. చర్చ అక్కడితో ముగిసింది.

మావారు సంచీలోంచి రెండు నూనె డబ్బాలు తీసి ఇంజనుకు పోశారు. దారిలో తాగడానికి మంచినీళ్లు మర్చిపోయిన మనిషి నూనె మాత్రం గుర్తుగా తెచ్చుకున్నారు. ఎగిరిపడ్డ పుల్లను గొట్టంలో పెట్టి చుట్టూ గుడ్డ కుక్కి, టర్బో ఊదకుండా మెల్లగా సిద్దిపేట దాకా నడిపారు. దారి పొడవునా సైకిళ్లవాళ్లు కూడా మమ్మల్ని దాటుతూ తలతిప్పి చూశారు.

సిద్దిపేటలో తొలి సమావేశం

యాదగిరికి సిద్దిపేటలో స్పేర్ పార్ట్స్ దుకాణం ఉంది. ఇల్లు దాని వెనకే. భుజాలు వెడల్పుగా, మీసం దట్టంగా ఉన్న మనిషి. ఇన్నాళ్ల స్నేహం తర్వాత తొలిసారి ఎదురుపడ్డ మిత్రులు కౌగిలించుకుంటారనుకున్నాను. ఇద్దరూ సోఫాలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని గోడ గడియారం వైపు చూశారు.

"మంచిగున్నవా అన్నా?"

"బానే ఉన్నాను."

ఇద్దరూ మళ్లీ గడియారం వైపు తిరిగారు. పక్కపక్క గదుల్లో కూర్చోబెట్టి ఫోన్లు ఇస్తే బాగుండుననిపించింది. చివరికి యాదగిరి, "బండి చూద్దామా?" అన్నాడు. బానెట్ లేవగానే ఇద్దరి గొంతులూ లేచాయి.

యాదగిరి భార్య స్వరూప మగ్గం వర్క్ చేస్తుంది. వీధిలో సగం పెళ్లికూతుళ్ల జాకెట్లు ఆమె చేతి మీదే నడుస్తాయి. "అక్కా, వీళ్ల ముచ్చట ఒడువది. మనం చెరువు కాడికి పోయొద్దాం" అంది. ఈసారి నాకు అర్థమైంది.

కోమటి చెరువు దగ్గర గాలి హాయిగా ఉంది. మిరపకాయ బజ్జీలు కొంది స్వరూప. మా తణుకులో బజ్జీ చీల్చి ఉల్లిపాయ, నిమ్మరసం దట్టించి దాన్నొక భోజనం చేస్తాం. ఇక్కడ మిరపకాయ తన కారం తానే చూసుకుంటుంది. నా కళ్లలో నీళ్లు చూసి ఆమె చాయ్ తెప్పించింది.

"ఈయన ఈ పందెం కోసం ఎన్ని నెల్ల సంది తయారైతుండో తెలుసా అక్కా? దుకాణంకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పిండు, ఈసారి నాదే అని. ఓడితే నేను దుకాణం ముందరకెళ్లి నడువలేను" అని నవ్వింది.

ఆ నవ్వులో సగం నిజంగానే భయం ఉంది.

మెడికల్ షాపు తొడుగు

మేము తిరిగి వచ్చేసరికి ఇద్దరు మిత్రులూ ఒక శాస్త్రీయ పరీక్షకు సిద్ధమై ఉన్నారు. మెడికల్ షాపు నుంచి ఒక రబ్బరు చేతి తొడుగు తెచ్చారు. ఇంజనులో నూనె పోసే మూత తీసి, ఆ చోట తొడుగును బిగించి, ఇంజను స్టార్టు చేశారు. లోపల ఊపిరి సరిగ్గా ఆడుతుంటే తొడుగు లోపలికి పీల్చుకుపోవాలట.

తొడుగు మెల్లగా లేచింది. ఒక్కో వేలూ విచ్చుకుంది. చివరికి ఐదు వేళ్లూ నిక్కబొడుచుకుని మమ్మల్నందరినీ దీవించింది. స్వరూపా నేనూ నవ్వాం. మగవాళ్లు నవ్వలేదు.

కారణం వెతికితే రెండు దొరికాయి. ఎర్ర డబ్బాకు మావారు తగిలించిన గొట్టం నూనెకు తట్టుకునే రకం కాదు. వేడికి మెత్తబడి, మలుపు దగ్గర నొక్కుకుపోయి అతుక్కుంది. ఒక దారి అలా పోయింది. ఇక చిన్న వాల్వు లోపల నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. రెండో దారీ పోయింది; గ్యాసుకు పుల్లను తన్నేసి బయటపడటం ఒక్కటే మిగిలింది. సూర్యాపేటకు ముందు నేను అడిగిన ప్రశ్న గుర్తుందేమోనని మావారి వైపు చూశాను. ఆయన డబ్బా వైపు చూశారు.

"గొట్టం నా దుకాణంలనే ఉంది. వాల్వు పెట్రోలుతోని కడిగితే సాలు" అని యాదగిరి పట్టకారు తీసుకుని వాల్వును లాగాడు. టిక్ అని చిన్న చప్పుడు. పాతబడి పెళుసెక్కిన ప్లాస్టిక్కు. సగం ముక్క పట్టకారుతో వచ్చింది, సగం ఇంజనులోనే ఉంది.

"ఏం చేశావయ్యా!" అన్నారు మావారు.

"నేనేం జేసిన? గింత పెళుసైనదాన్ని ఎన్నడన్న మార్చినవా అన్నా?"

"నా కారు, నాకు తెలీదా? పట్టకారుతో లాగుతారా ఎవరైనా?"

"మరి దేనితోని లాగాలె? దారంతోనా?"

మిగిలిన ముక్కను తీశారు. కొత్త వాల్వు హైదరాబాదు నుంచి రావాలి, మర్నాటికి రాదు. పందెం మర్నాడే. భోజనానికి బగారా అన్నం, మటన్ కూర పెట్టింది స్వరూప. మా వైపు పులావులో వేసేవన్నీ వేసి మళ్లీ కూర ఎందుకంటారు గానీ, ఆ రెంటినీ కలిపి తిన్నాక మా వైపు వాళ్ల తప్పేమిటో తెలిసింది. మిత్రులిద్దరూ తలలు వంచుకుని తిన్నారు. మావారు రెండోసారి వడ్డించుకోలేదు. ఎవరేం అడిగినా "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" నాకు తెలుసు. ఏడాది పాటు సోఫాలోంచి విన్నదే. వ్యంగ్యంగా అనబోయిన మాట పక్కన పెట్టి, ఆయన పళ్లెంలో ఒక గరిటె కూర వేశాను.

తెల్లవారి లేచి కిటికీలోంచి చూస్తే, యాదగిరి తన కారు బానెట్ ఎత్తి పని చేసుకుంటున్నాడు. పందేనికి ముస్తాబు చేస్తున్నాడనుకున్నాను. కాసేపటికి చేతిలో ఏదో పట్టుకుని మా కారు దగ్గరికి వచ్చాడు. మావారు అప్పుడే బయటికి వచ్చారు.

"అన్నా, గీ వాల్వు వెయ్యి."

"ఎక్కడిది?"

"నా బండిది. జాగర్తగ తీసిన, పట్టకారు ముట్టలే."

"మరి నీ పందెం?"

"నాది ఈడిదే, యాడికి పోతది? మల్ల ఉర్కిస్త. నువ్వు గంత దూరంకెళ్లి వచ్చినవ్."

మావారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. తుడవడానికి అంత మురికేమీ లేదు దాని మీద.

తర్వాత ఇద్దరూ కలిసి ఎర్ర డబ్బా విప్పారు. అందంగా ఉన్న ఆ డబ్బాలో నూనె తుంపరను ఆపడానికి జల్లెడ లాంటిదేమీ లేదు, వట్టి బోలు డబ్బా. స్వరూప వంటింట్లోంచి గిన్నెలు తోముకునే కొత్త స్టీలు పీచు తెస్తే దాన్ని లోపల కుక్కారు. దళసరి గొట్టం వేశారు, వాల్వు బిగించారు. చేతి తొడుగు పెట్టి స్టార్టు చేయగానే అది సిగ్గుపడ్డట్టు లోపలికి ముడుచుకుపోయింది. ఇద్దరూ అప్పుడు కౌగిలించుకున్నారు. ఒకరి నూనె ఒకరి చొక్కాకు అంటింది. ఉతికేవాళ్లం కదా, స్వరూపా నేనూ ముఖాలు చూసుకున్నాం.

వెంచరులో

నలుగురం మా కారులోనే వెళ్లాం. జగదేవ్‌పూర్ దగ్గరి ఆ వెంచరుకు విదేశీ నగరంలా ఉండాలని ముచ్చటపడి ప్రతి వీధికీ ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. ఆ వీధుల్లో మేకలు నివాసముంటున్నాయి. పందేనికి వచ్చిన ప్రతివాడికీ ముందు ప్లాట్ల కాగితం, తర్వాత మజ్జిగ ఇచ్చారు. కాగితం తీసుకోనివాడికి మజ్జిగ లేదు. మైకులో ఒకాయన కార్ల గురించి రెండు మాటలు, ఈశాన్య మూల ప్లాట్ల గురించి ఇరవై మాటలు చెప్తున్నాడు.

ఒక సంగతి మాత్రం నిజాయితీగా చేశారు. అంబులెన్సు పెట్టి, అందులో ఒక డాక్టరమ్మను కూర్చోబెట్టారు. డ్రైవర్లందరికీ బీపీ చూడాలట. మావారు చొక్కా చేయి మడిచి ఉత్సాహంగా వెళ్లారు. ఆ అమ్మాయి ఒకసారి చూసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది. గుండె సంగతి అడిగింది. స్టెంటు అని ఆయన నసిగారు.

"సర్, ఇంత బీపీతోని నేను పంపను."

"నాకు మామూలుగా ఇంత ఉండదమ్మా."

"అయితే మామూలుగ ఉన్నప్పుడు రండి సర్."

కిందటి రోజు నుంచీ ఇంజనులో ప్రెషరు తగ్గించడానికి తంటాలు పడ్డారు. లోపల కూర్చునే మనిషి సంగతి ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఆయన వచ్చి కారుకు ఆనుకుని నిలబడ్డారు. యాదగిరి బండి వాల్వు లేక ఇంటి దగ్గర ఉంది. ఈ బండికి ఆయన పేరు లేదు. ఉన్నది ఇంకొకరి పేరు.

ముగ్గురూ ఒకేసారి నా వైపు చూశారు.

"నేనా? మీకు మతిపోయిందా?"

"అక్కా, నడుపు" అంది స్వరూప నెమ్మదిగా. "లేకుంటే మా ఆయన బండి ఉత్తగనే విప్పినట్టైతది."

మావారు నడపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తాళాలు మాత్రం అరచేతిలో పెట్టుకుని ఉన్నారు. నేను తీసుకున్నాను. డాక్టరమ్మ దగ్గర నా బీపీ అచ్చు పుస్తకంలో ఉన్నట్టు ఉంది. ముప్పై ఏళ్లుగా ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తున్నదాన్ని, నన్నేం కదిలిస్తుంది?

నా వంతు

నాకంటే ముందు ఎందరో చెమటోడ్చిన హెల్మెట్టు ఇచ్చారు. వాసనకే సగం ప్రాణం పోయింది. ఒక్కో బండినీ విడిగా పంపి సమయం లెక్కగడతారట. జెండా ఊపగానే క్లచ్ వదిలాను. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మైకాయన, "మేడమ్‌గారు ప్లాట్లు చూసుకుంటున్నరు!" అన్నాడు. జనం నవ్వారు.

మళ్లీ స్టార్టు చేశాను. ఈసారి మా స్కూలు గేటు మూసేస్తున్నారనుకుని తొక్కాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఎవరో వెనకనుంచి రెండు చేతులతో నెట్టినట్టు సీటు నా వీపును గుద్దింది. ఈల లాంటి చప్పుడు పెరిగింది. ఇంగ్లీషు పేర్ల వీధులన్నీ ఒకదాని వెంట ఒకటి జారిపోయాయి. భయమేసింది. భయం కింద ఇంకేదో కూడా ఉంది; నోటి నుంచి కేక వచ్చింది గానీ, అది భయం కేక కాదని హెల్మెట్టులో నాకొక్కదానికే తెలుసు.

గీత దాటి కాలు తీసి అద్దంలో చూశాను. వెనక ఎర్రమట్టి దుమ్ము. పొగ లేదు.

తిరిగి వచ్చి ఆపగానే మిత్రులిద్దరూ పరుగున వచ్చారు. నా తలుపు తీస్తారనుకున్నాను. బానెట్ తీశారు. పుల్ల దాని చోటనే ఉంది, ఇంజను మీద చుక్క నూనె లేదు. డబ్బా విప్పి చూస్తే, అడుగున రెండు చెంచాల నూనె పాలు ఎక్కువైన టీలా కనిపించింది.

"పట్టింది అన్నా! ఈసారి నిజంగనే పట్టింది!" అని యాదగిరి అరిచాడు. హెల్మెట్టు తీయడానికి చివరికి స్వరూప వచ్చి సాయం చేసింది.

ఫలితాలు చెప్పారు. నా వెనక ఒకే ఒక్క బండి ఉంది. దాన్ని వెంచరు యజమాని స్వయంగా, జనానికి చెయ్యి ఊపుతూ నడిపాడు. అయినా యాదగిరి ఫోను తీసి తన దుకాణం పనివాళ్లకు, "మా వదిన ఉర్కిచ్చింది, మన వాల్వుతోనే" అని గొప్పగా చెప్పడం విన్నాను.

తిరుగు దారి

వాల్వు తిరిగి ఇస్తామంటే యాదగిరి వినలేదు. హైదరాబాదు నుంచి తనకు కొత్తది తెప్పించుకుంటానన్నాడు. స్వరూప నా జాకెట్టు కొలత తీసుకుని, చేతుల మీద చక్రాల వర్క్ చేసి పంపుతానంది. వద్దంటే వినే మనుషులు ఆ ఇంట్లో లేరు.

సిద్దిపేట నుంచి నేనే నడిపాను. మావారు ఒకటి రెండుసార్లు గేరు గురించి ఏదో చెప్పబోయారు. నేను అటు చూడగానే ఊరుకున్నారు. సూర్యాపేట దాటాక పెట్రోలు బంకులో ఆగాం. పైపు పట్టుకున్న కుర్రాడు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మావారి కిటికీ దగ్గర వంగాడు.

"సార్, మస్తుంది బండి. టర్బోనా? ఎంత వేగం పోతది?"

మావారు సీటు బెల్టు సర్దుకుని, తల నా వైపు తిప్పి, "ఆవిణ్ణి అడుగు బాబూ. బండి ఆవిడది" అన్నారు.